చార్జర్ పళ్లు చూసినవాడు లేడు

పెబ్బేరు సంతలో ఎద్దును కొనేవాడు నోరు తెరిపించి పళ్లు చూడనిదే పైసా తియ్యడు. అదే మనిషి బ్యాటరీ సైకిల్ కొంటే, చార్జర్ వెనక ఏం రాసుందో తిప్పి చూడడు. ఏ సందేహమొచ్చినా తీర్చడానికి హైవే పక్కన చాయ్ హోటల్ ఉంది కదా!

ఈమధ్య అక్కడికొచ్చిన కేసు ఇది. ఒకాయన కొడుకు బీటెక్ ఈఈఈ ముగించి, ఎమ్మెస్‌కు డాలస్ పోతున్నాడు. సైకిల్ కూడా వెంట తీసుకుపోతాడట. మన గోడలో 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వాళ్ల గోడలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మరి చార్జింగ్ ఎక్కుతుందా?

"కరెంటే సగమాయె, బ్యాటరీ గూడ సగమే నిండుతది" అన్నాడొకాయన.

"హెర్ట్జులు పది ఎక్కువున్నయి గదనే! జల్ది ఎక్కుతది" అన్నాడు ఇంకొకాయన.

మోటార్లు బాగుచేసే మెకానిక్ మాత్రం సేవాభావంతో ముందుకొచ్చాడు. "ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్త. ఇరవై కిలోలైతది. ఇమానంల ఒళ్లో పెట్టుకొని పొమ్మను."

ఈఈఈ కుర్రాడు నోరు విప్పలేదు. సిలబస్‌లో లేదట.

తీర్పు చివరికి ఇంట్లోనే దొరికింది. "నేను 110 వోల్టుల మిక్సీ డబ్బ మీద సదివే కొన్న. ఆ చార్జర్ ఎనక ఏముందో సూడరాదు, బిడ్డా?" అంది తల్లి. తిప్పితే చిన్న అక్షరాల్లో ఉంది: ఇన్‌పుట్ 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్. ఇలాంటి చార్జర్ గోడలోంచి వచ్చే ఏసీని ముందే డీసీగా మార్చేసుకుంటుంది. వేసవిలో బోర్లన్నీ ఒక్కసారి ఎత్తుకున్నప్పుడు పడిపోయే మన వోల్టేజీనే భరించినదానికి డాలస్ ఒక లెక్కా? ప్లగ్గు పిన్నులు మారిస్తే చాలు. 230 అని మాత్రమే రాసుంటే అది ఇంట్లోనే ఉండాలి. 115/230 మీట ఉండి, 115 మీదే వదిలేసి మన గోడకు పెడితే దీపావళి ముందే వస్తుంది.

ఔట్‌పుట్ అనే రెండో వరుస జోలికి మాత్రం ఎవరూ పోలేదు. 48 వోల్టుల లిథియం బ్యాటరీలో సాధారణంగా వరసగా 13 సెల్లుంటాయి. ఒక్కోటి 4.2 వోల్టుల చొప్పున నిండితే 54.6. చార్జర్ ఔట్‌పుట్ కూడా అంతే ఉండాలి. పిన్ను పట్టింది కదా అని చవక చార్జరేదో తగిలిస్తే ఇల్లే అంటుకోవచ్చు. న్యూయార్క్ నగరం అగ్నిప్రమాదాలతో విసిగి, భద్రతా పరీక్ష నెగ్గిన ఈ-బైకులూ బ్యాటరీలే అమ్మాలని 2023లో చట్టం చేసింది.

ఇంతా చేస్తే, కుర్రాడి బ్యాటరీ 48 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు. అంటే 480 వాట్ అవర్లు. ప్రయాణికుడు విడి బ్యాటరీని తీసుకెళ్లాలంటే, విమాన సంస్థ అనుమతిచ్చినా 160 దాటకూడదు. చార్జర్ డాలస్ పోతుంది, బ్యాటరీ శంషాబాద్ దాటదు.

చాయ్ హోటల్ ఊరుకుంటుందా? "480ని మూడు తుండ్లు చేస్తే, ఒక్కోటి 160!" అన్నాడు మెకానిక్, రంపం కోసం వెతుకుతూ.

లెక్కలో తప్పు లేదు. ఈఈఈ కుర్రాడు కూడా తలూపాడు.