నేను 'రమోనా' ప్రింటుని

నేను సినిమా రీలుని. మూకీని. పుట్టింది 1928లో. హెలెన్ హంట్ జాక్సన్ 1884లో రాసిన నవలే నా కథ. కాలిఫోర్నియాలో ఒక దొరసాని లోగిట్లో పెరిగిన రమోనా, గొర్రెల బొచ్చు కత్తిరించడానికొచ్చిన ఆదివాసీ అలెసాండ్రోని ప్రేమిస్తుంది. తనలోనూ ఆ నెత్తురే ఉందని తెలిశాక ఇల్లు వదిలి అతనితో వెళ్లిపోతుంది. ఇక తెల్లవాళ్లు వాళ్లని ఎక్కడా నిలవనివ్వరు. బిడ్డ పోతుంది, ఊరు నాశనమవుతుంది, గుర్రం దొంగవని అలెసాండ్రోని కాల్చేస్తారు. రమోనాగా వేసిన డొలోరెస్ డెల్ రియోది మెక్సికో. దర్శకుడు ఎడ్విన్ కెరూ చికసా తెగవాడు. అలెసాండ్రోగా మాత్రం తెల్లవాడు వార్నర్ బాక్స్‌టర్‌నే పెట్టారు. హాలీవుడ్ ధైర్యం అంతవరకే!

నాకు చెక్ భాషలో టైటిల్ కార్డులు వేసి ప్రాగ్ పంపారు. అమెరికాలో ఉండిపోయిన నా తోబుట్టువులు టాకీలొచ్చాక ఎవరికీ అక్కర్లేకపోయారు. మా ఒంట్లోది నైట్రేటు, తుపాకీ మందుకి దగ్గరి చుట్టం. అంటుకుంటే నీళ్లలో ముంచినా ఆరదు. అంటుకోకపోతే బంకబంకగా మారి, చివరికి పొడిగా రాలుతుంది. వెండి కోసం మమ్మల్ని కరిగించినవాళ్లూ ఉన్నారు. అమెరికా తీసిన దాదాపు 11,000 మూకీ కథాచిత్రాల్లో అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. నేనూ పోయాననే రాసుకున్నారు. మాబెల్ వేన్ బాణీ కట్టిన 'రమోనా' పాట మాత్రం గ్రామఫోను రికార్డుల మీద హాయిగా తిరిగింది. నోరులేని సినిమాకి పాట ఒక్కటే మిగలడం, చూడండి!

యుద్ధకాలంలో జర్మన్లు నన్ను ప్రాగ్ నుంచి పట్టుకుపోయారు. వాళ్లు ఓడాక సోవియట్లు మాస్కో తీసుకెళ్లారు. చాన్నాళ్లకి మళ్లీ ప్రాగ్ చేర్చారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. కన్నవాళ్లు పారేశారు, దోచుకున్నవాళ్లు దాచారు. ఊరూరా తరిమేసిన జంట కథ మోస్తున్నదాన్ని, నాకు ఈ తిరుగుడు కొత్తా?

తర్వాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు నా నుంచి సేఫ్టీ ఫిల్ముకి కాపీ ఎక్కించారు. చెక్ కార్డుల్ని తిరిగి ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. హాలీవుడ్‌లో పుట్టిన సినిమా సొంత మాటల్ని పరాయి భాష నుంచి అడిగి తెచ్చుకుంది. 2014 మార్చి 29న లాస్ ఏంజెలెస్‌లో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం థియేటర్లో, వాద్యబృందంతో ఆట వేశారు. తెర మీద ఆడింది నేను కాదు, నిప్పంటే భయంలేని కొత్త కాపీ. ప్రొజెక్టరు దీపం ముందుకి నన్ను పంపే ధైర్యం ఇప్పుడెవరికుంది? పంపొద్దనే నేనూ అంటాను.