మూడూళ్ళ సలహా, ఒక్క కరోలా

అమెరికాలో పాత కారు కొనాలంటే డబ్బు, లైసెన్సు ఉంటే చాలంటారు. మా ఇంట్లో అది కుదరదు. తెనాలి బాబాయ్, రేపల్లె మామయ్య, బాపట్ల బావ ముగ్గురూ సరేననాలి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉద్యోగంలో చేరి, 2011 నాటి టొయోటా కరోలా ఒకటి చూశానని ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే ముగ్గురూ రంగంలోకి దిగారు.

బాబాయ్‌ది పాత ఇనుము వ్యాపారం. నట్లూ బోల్టుల తుక్కుతో 2021లో 14 అడుగుల మోదీ విగ్రహం నిలబెట్టిన శిల్పులున్న ఊరు కదా, ఆయన ఏ బండినైనా తూకంలోనే చూస్తాడు. "6,500 డాలర్లా? బండి ఎన్ని కిలోలుంటదిరా?" అన్నాడు. 1,250 దాకా ఉంటుందన్నాను. "కిలో ఐదు డాలర్లకు పైనే! బేరమాడబ్బాయ్. టైరు తన్ను, పెదవి విరువు, డోరు శబ్దం బాగాలేదను."

తీరా వెళితే, ఆ అమ్మే పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఏసీ ఆలస్యంగా చల్లబడుతుందనీ, బంపరు మీద గీత మనవడి పుణ్యమనీ, టైర్లు ఏడాదికి మించి రావనీ తనే చెప్పేశాడు. విరవడానికి నాకు పెదవి మిగల్లేదు. "ఇన్ని చెప్పాడంటే ఇంకేదో పెద్దది దాస్తున్నాడ్రా" అని బాబాయ్ తీర్పిచ్చాడు.

మామయ్య అనుమానం వేరు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ దిగువకు దూకితే, రేపల్లె వైపు కరకట్ట మీద టార్చిలైటుతో తెల్లార్లూ తిరిగిన మనిషి ఆయన. 2017లో హార్వే తుపాను హ్యూస్టన్‌ను ముంచిన సంగతి నాకంటే ఆయనకే బాగా గుర్తు. "మునిగిన కార్లన్నీ ఏమైనయ్ అల్లుడూ? కడిగి, సెంటు కొట్టి పొరుగూళ్ళో అమ్ముతారు. సీటు బెల్టు చివరికంటా లాగు, బురద చార కనపడితే నమస్కారం పెట్టి వచ్చెయ్. మ్యాటు కింద వాసన చూడు. స్టెప్నీ గుంటలో ఒండ్రుందేమో తడుము."

వీడియో కాల్‌లో ఆయన చెబుతుంటే నేను డిక్కీలో తలదూర్చి తడిమాను. పెద్దాయన ఆశ్చర్యపోయి "నువ్వు మెకానిక్‌వా?" అన్నాడు. "కాదండీ, మా మామయ్యది రేపల్లె" అన్నాను.

బండి పొడిగానే ఉంది. పెద్దాయన టైటిల్ అనే యాజమాన్య కాగితం మీద సంతకం పెట్టి, స్క్రూడ్రైవరుతో నంబరు ప్లేట్లు ఊడదీసుకుని లోపలికెళ్ళాడు. టెక్సస్ పద్ధతి అంతే. "అమ్మిన బండి నంబరు వాడు పట్టుకుపోవడమేంది!" అని బాబాయ్ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదట.

ఇక బీమా బావ శాఖ. బాపట్లలో ఎల్‌ఐసీ ఏజెంటు. టెక్సస్‌లో కనీస బీమా ఇదీ అని చదివి వినిపించాను: మన వల్ల ఒక మనిషికి గాయాలైతే 30,000 డాలర్ల దాకా, ఒక ప్రమాదంలో అందరికీ కలిపి 60,000, అవతలివాళ్ళ ఆస్తికి 25,000.

"మరి మన బండికి?"

"ఏమీ రాదు బావా. దానికి వేరే కట్టాలి."

"మెచ్యూరిటీకి ఎంతొస్తది?"

"మెచ్యూరిటీ లేదు."

"పోనీ బోనసు?"

"అదీ లేదు."

బావ చాలాసేపు మాట్లాడలేదు.

మన దగ్గర థర్డ్ పార్టీ ప్రీమియం ఇంజను సైజును చూస్తుంది: 1,000 నుంచి 1,500 సీసీ దాకా కారుకు 2022లో పెట్టిన రేటు 3,416 రూపాయలు, నడిపేది ఎవరైనా సరే. అక్కడ మనిషిని చూస్తారు. ఫోనులో బీమా అమ్మాయి వయసెంత, పెళ్ళయిందా, ఏం చదివావు, ఏ పేటలో ఉంటావు, అప్పులు తీర్చే అలవాటుందా అని వరసగా అడుగుతుంటే, లైన్లో ఉన్న బావ "బామ్మర్దీ, ఇది బీమానా సంబంధమా?" అని గుసగుసలాడాడు.

చివరికి డ్రైవింగ్ అనుభవం అడిగింది. కాలేజీ రోజుల నుంచీ అన్నాను. అమెరికాలో ఎన్నాళ్ళంది. పోయిన నెల నుంచీ అన్నాను. "అయితే అనుభవం లేదన్నమాట" అని రాసుకుంది. తెనాలి బోసు రోడ్డులో ఆటోల మధ్య, గేదెల మధ్య, పెళ్ళి ఊరేగింపుల మధ్య ఒక్క గీత పడకుండా కారు నడిపినవాడికి అనుభవం లేదట! క్లెయిము లేకుండా ఐదేళ్ళు గడిపి సంపాదించిన 50 శాతం నో క్లెయిమ్ బోనసు కూడా సముద్రం దాటలేదు.

నా బండికీ కలిపి ఆరు నెలల ప్రీమియం ఎంతో విని బావ, "ఇంత కడుతున్నావు గదా, ఒక్కసారైనా గుద్దు, గిట్టుబాటవుద్ది" అన్నాడు. గుద్దినా నా బండి రిపేరులో మొదటి 1,000 డాలర్లు నేనే పెట్టుకోవాలన్నాను. బావ గొంతు తగ్గించి, "ఆ కంపెనీ ఏజెన్సీ మనకేమైనా ఇస్తారేమో కనుక్కో" అన్నాడు.

విమానమెక్కబోయే పిల్లలకు చెప్పేదిదే. కారు ఖాయం చేసుకోకముందే దాని వివరాలిచ్చి బీమా ఎంతో అడగండి. టైటిల్ మీద సాల్వేజ్ అని, అంటే బాగా దెబ్బతిన్న బండి అని ఉంటే, ఎంత చవకైనా వదిలేయండి. టెక్సస్ అయితే 30 రోజుల్లోపు కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో 6.25 శాతం పన్ను కట్టి పేరు మార్పించుకోండి. బంధువుల సలహా బండి ఇంటికొచ్చాకే అడగండి. రేపల్లెలో మేనమామ ఉంటే మాత్రం ముందే అడగండి.