ఇద్దరిదీ తప్పేనండీ!

తెలుగునాట ఏ ఊళ్ళో గొడవ జరిగినా ముందు వచ్చేది పోలీసులు కాదు, విలేకరులు కాదు. పెద్దమనిషి. ఇస్త్రీ నలగని చొక్కా, జేబులో కళ్ళజోడు, నోట్లో వక్కపొడి. ఏం జరిగిందో అక్కడ ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆయనకు మాత్రం తీర్పు తెలుసు. "ఇద్దరిదీ తప్పేనండీ. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు కదా!"

ఈ మాట అనడానికి చదువు అక్కర్లేదు, విచారణ అక్కర్లేదు, ధైర్యం అసలే అక్కర్లేదు. అనేసి ఇంటికెళ్ళి వేడివేడిగా భోంచేయొచ్చు. పైగా ఆయన ఎవరినీ నొప్పించరని ఊరంతా మెచ్చుకుంటుంది. నొప్పి అప్పటికే ఎవరికో ఒకరికి తగిలేసి ఉంటుంది కాబట్టి, కొత్తగా నొప్పించాల్సిన పని ఆయనకేముంది?

ఆయన కొలబద్ద పట్టుకుని కారంచేడు వెళ్దాం. 1985 జులై. మాదిగలు తాగే చెరువు నీళ్ళలో ఒక అగ్రకులపు కుర్రవాడు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే వద్దన్నారు. వద్దన్నందుకు కొట్టబోతే నీళ్ళకొచ్చిన ఒక దళిత మహిళ చేతిలోని బిందె పైకెత్తింది. మర్నాడు, 17వ తేదీన, పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. మన పెద్దమనిషి లెక్కలో ఇది ఎంతో తేలికైన వ్యవహారం. బకెట్టు కడగడం ఒకరి తప్పు, బిందె ఎత్తడం ఇంకొకరి తప్పు. చెల్లుకు చెల్లు. ఆ ఆరు శవాలను ఎవరి ఖాతాలో రాయాలంటారా? అంత లోతుకు వెళ్తే సామరస్యం దెబ్బతింటుంది.

చుండూరులో అయితే బిందె కూడా లేదు. సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ. అక్కణ్నుంచి దళితవాడ మొత్తానికి సాంఘిక బహిష్కరణ, ఆ తర్వాత 1991 ఆగస్టు 6. ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలను గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారిస్తే, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇన్నేళ్ళ వ్యాజ్యాన్ని మన పెద్దమనిషి ఒక్క ముక్కలో తేల్చగలడు. "కుర్రాళ్ళు కాస్త సర్దుకుని కూర్చోవాల్సింది."

సర్దుకోమనే సలహా ఎప్పుడూ జరగడానికి చోటు లేనివాడికే వెళ్తుంది. కాళ్ళు బారజాపుకుని కూర్చున్నవాడికి ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషిని నేనింతవరకు చూడలేదు.

గొడవలు లేని రోజుల్లో కూడా ఈయనకు ఖాళీ ఉండదు. అప్పుడు తత్వం చెబుతుంటాడు. "ఎవరి నమ్మకం వారిది. సత్యం ఒక్కటేనని ఎవరు చెప్పగలరు?" వినడానికి ఉపనిషత్తులా ఉంటుంది. పక్కింటాయన శనివారం ఒంటిపూట ఉంటే, ఎదురింటాయన రంజాన్‌కు పొద్దంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకపోతే, చివరింటివాళ్ళు ఆదివారం పొద్దున్నే చర్చికి వెళ్తే, ఇంకొకాయన ఇవేవీ లేకుండా పేపర్ చదువుకుంటూ కూర్చుంటే ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. అక్కడ వేలు పెట్టేవాడు మూర్ఖుడు. కానీ ఈ మాట అక్కడ ఆగదు. నిజామాబాద్ జిల్లాలో పన్నెండేళ్ళు కూడా నిండని ఆడపిల్లను దేవతకిచ్చి పెళ్ళి చేసి జోగినిని చేస్తుంటే, ఊరి మగాళ్ళందరూ ఆమె మీద హక్కు ఉందనుకుంటుంటే, అక్కడా ఇదే మాట. వాళ్ళ ఆచారం, వాళ్ళ నమ్మకం, మధ్యలో మనమెవరం? ఆ పిల్ల నమ్మకం ఏమిటని మాత్రం ఎవరూ అడగలేదు. హేమలతా లవణం ఊరూరా తిరిగి అడిగింది. 1988లో చట్టం వచ్చింది. కవి జాషువా కూతురు కాబట్టి అడగకుండా ఉండలేకపోయిందేమో! పెద్దమనిషి కూతురై ఉంటే రెండు వైపులా విని వచ్చేసేది.

రాజ్యాంగం 25వ అధికరణను ఈయన తరచూ చూపిస్తుంటాడు. అంతరాత్మ స్వేచ్ఛ, మతస్వేచ్ఛ. బాగుంది. అయితే ఆ వాక్యం స్వేచ్ఛతో మొదలు కాదు. ప్రజాశాంతికీ, నైతికతకూ, ఆరోగ్యానికీ లోబడి అని మొదలవుతుంది. మనవాడు రాజ్యాంగాన్ని మధ్యలోంచి చదువుతాడు. సినిమాకు టైటిల్స్ అయ్యాక వెళ్ళే అలవాటు కాబోలు.

ఈ తత్వం పండించిన ఘనవిజయం ఒకటుంది. చెప్పుకోకపోతే పాపం. టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి తెలుసు కదా. బల్ల మీద గాజు గ్లాసులు అందరికీ. చూరులో తలకిందులుగా దోపిన గ్లాసు ఒకటి "వాళ్ళకి". వాళ్ళే తీసుకోవాలి, టీ పైనుంచి పోయించుకోవాలి, బయట నిలబడి తాగాలి, వాళ్ళే కడిగి మళ్ళీ చూరులో పెట్టాలి. ఉద్యమాలు చేశారు, కేసులు పెట్టారు, అధికారులు వచ్చి అందరి ముందూ ఒకే గ్లాసులో టీ తాగి ఫోటో దిగి వెళ్ళారు. జీపు మలుపు తిరగగానే గ్లాసు మళ్ళీ చూరెక్కేది. కడకు చాలా ఊళ్ళలో సమస్య పరిష్కారమైంది. ఎలాగంటారా? పేపర్ కప్పు వచ్చింది. అందరికీ ఒకటే కప్పు. తాగి పారేస్తే సరి. ఎవడి ఎంగిలీ ఎవడికీ అంటదు. కొట్టువాడి నమ్మకం కొట్టువాడి దగ్గరే ఉంది, ఆసాముల నమ్మకం ఆసాముల దగ్గరే ఉంది. ఎవరి మనసూ మారలేదు, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. మారింది గ్లాసు ఒక్కటే. పెద్దమనిషి కలలుగన్న సహనం అంటే ఇదే: వాడి పారేసేది, కడగనక్కర్లేనిది. ఆ కప్పు లోపల పూసిన ప్లాస్టిక్ మట్టిలో కలవదంటారు. దాని కింద దాగిన నమ్మకం కూడా కలవదు.

అసలు నమ్మకాలు ఢీకొన్నప్పుడు మనుషులెలా మెలగాలో చూపించినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, నాస్తికుడు. పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. నాస్తికత్వం మాట్లాడినందుకు కాకినాడలో ఒక కాలేజీ ఉద్యోగం, మచిలీపట్నంలో మరొకటి పోగొట్టుకున్నాడు. అలాంటి మనిషి 1944లో సేవాగ్రాం వెళ్ళి, రోజూ ప్రార్థనతో మొదలై ప్రార్థనతో ముగిసే ఆశ్రమంలో కూర్చుని, దేవుడితో పని లేకుండానే అంటరానితనాన్ని పోగొట్టవచ్చని గాంధీతో వాదించాడు. మన పెద్దమనిషి అక్కడుంటే రెండు నిమిషాల్లో సర్దిచెప్పేవాడు. "బాపూ, మీ దేవుడు మీకు. గోరాగారూ, మీ నాస్తికత్వం మీకు. టీ తాగండి." వాళ్ళిద్దరూ అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. వాదించుకున్నారు. ఒకరి మాట మరొకరికి పూర్తిగా ఎక్కలేదు. అయినా గోరా తన పెద్ద కూతురికి ఒక దళిత యువకుడితో పెళ్ళి తలపెడితే, ఆ పెళ్ళి సేవాగ్రాంలో చేయిద్దామని గాంధీ ఒప్పుకున్నారు. 1948 జనవరి 30 అడ్డొచ్చింది. మార్చిలో అదే ఆశ్రమంలో పెళ్ళి జరిగింది.

దేవుడే సత్యం అంటూ వచ్చిన గాంధీ, గోరా ఆశ్రమం గడప తొక్కడానికి పదమూడేళ్ళ ముందే, 1931 నాటికే, సత్యమే దేవుడు అనడం మొదలుపెట్టారు. దేవుణ్ని కాదన్నవాడు కూడా సత్యాన్ని కాదనలేడని ఆయన లెక్క. అంటే ఆస్తికుడికీ నాస్తికుడికీ కూర్చోవడానికి ఒక చోటు దొరికింది. ఆ చోటు పేరే సత్యం. మన పెద్దమనిషి ముందుగా పీకేసేది సరిగ్గా ఆ చాపనే. ఎవరి సత్యం వారిదైతే ఇక ఇద్దరూ ఎక్కడ కూర్చుంటారు, ఏం వాదించుకుంటారు? మిగిలేది కర్ర ఒక్కటే. కర్ర బలిసినవాడి చేతిలోనే ఉంటుందని వేరే చెప్పాలా?

ఈ తత్వాన్నే 1881కి పంపిద్దాం. డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం చేయిస్తున్నారు. ఊరు వెలి వేస్తానంటోంది. పెద్దమనిషి మెట్లెక్కి వస్తాడు. "పంతులుగారూ, వాళ్ళ మనోభావాలు కూడా చూడాలి కదా. ఓ పదేళ్ళు ఆగితే..." పదేళ్ళు ఆగడానికి పెళ్ళికూతురికి అభ్యంతరం ఉంటుందేమోనన్న అనుమానం ఆయనకు రాదు. మనోభావాలు ఉండేది బయట అరుస్తున్నవాళ్ళకే. లోపల ఏడుస్తున్నవాళ్ళకు ఉండేవి కష్టాలు. కష్టాలకు పోలీసు స్టేషన్లో సెక్షన్ ఉండదు.

తటస్థం అని పేరే గానీ, ఈ తటస్థానికీ ఒక ఒడ్డు ఉంటుంది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న గర్భవతి అయిన భార్యను ఆస్పత్రిలో చూపించుకుని బయటికొస్తున్న దళిత యువకుణ్ని కిరాయి మనిషి నరికి చంపాడు. చంపించింది మామగారని కేసు. అప్పుడు మన పెద్దమనిషి కళ్ళజోడు తుడుచుకుని, "తండ్రి బాధ కూడా అర్థం చేసుకోవాలండీ" అన్నాడు. ఆ బాధ కిరాయి ఎంత ఇవ్వజూపిందో పత్రికల్లో వచ్చింది కూడా. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. మామగారు అప్పటికే చనిపోయారు. సరే. 2022 మే 4న సరూర్‌నగర్‌లో, ముస్లిం అమ్మాయిని పెళ్ళాడిన దళిత యువకుణ్ని నడిరోడ్డు మీద చంపారు. ఆమె సోదరుణ్ని అరెస్టు చేశారు. ఈసారి మన పెద్దమనిషికి అన్నగారి బాధ అర్థం కాలేదు. రెండో వైపు వినాలనిపించలేదు. ఆ రోజు ఆయన తటస్థానికి సెలవు పెట్టాడు. నేరం నేరమే అన్నాడు, సత్యం ఒక్కటే అన్నాడు, సభ్యత అన్నాడు. నిక్షేపంలాంటి మాటలు. మిర్యాలగూడ దాకా వెళ్ళడానికి బస్సు దొరకలేదు, అంతే. ఆ పక్క వీధిలో ఇంకో పెద్దమనిషి ఉన్నాడు. మిర్యాలగూడకు కన్నీరు పెట్టాడు, సరూర్‌నగర్ వార్త వచ్చినప్పుడు ఆయన ఫోన్లో చార్జింగ్ లేదు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు ద్వంద్వ నీతి అని తిట్టుకుంటారు. జీవితంలో వాళ్ళు పలికే నిజం అదొక్కటే.

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇలాంటి పెద్దమనిషే అడ్మిన్. నియమం స్పష్టం: కులం, మతం, రాజకీయం నిషిద్ధం. పొద్దున్నే పదహారు దేవుళ్ళ బొమ్మలతో శుభోదయాలు వస్తాయి. అవి మతం కాదు, సంస్కృతి. కార్తీక మాసంలో ఫలానా సంఘం వనసమారాధనకు సకుటుంబంగా రమ్మని ఆహ్వానం వస్తుంది, కులం పేరు ముద్దక్షరాల్లో ఉంటుంది. అది కులం కాదు, ఆత్మీయ సమ్మేళనం. కాలనీలో ఒకరికి కులం అడిగి ఇల్లు అద్దెకివ్వలేదని ఎవరో ఒకాయన రాశాడు. అడ్మిన్ వెంటనే మేలుకున్నాడు. "దయచేసి గ్రూపులో విద్వేషాలు రెచ్చగొట్టకండి. అందరం కలిసి ఉందాం 🙏" ఆ పోస్టు మాయమైంది. రాసినాయన కూడా మాయమయ్యాడు. అందరం కలిసే ఉన్నాం.

ఈ అడ్మిన్‌గారి పక్క స్థలంలో కిందటేడు ఇల్లు మొదలుపెట్టారు. వాళ్ళ ప్రహరీ గోడ తన హద్దులోకి ఆరంగుళాలు జరిగిందని ఆయనకు అనుమానం వచ్చింది. సత్యానికి అనేక ముఖాలుంటాయన్న మనిషి తెల్లారేసరికి దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, లేఅవుట్ ప్లాను సంకలో పెట్టుకుని లైసెన్సు సర్వేయర్ని వెంటేసుకొచ్చాడు. గొలుసు పరిచారు, సున్నం గీశారు. పక్కాయన పాపం మంచివాడు. "పోనీలెండి అన్నయ్యగారూ, మీ కొలత మీది, మా కొలత మాది. మధ్యలో ఎక్కడో ఓ చోట సర్దుకుందాం" అన్నాడు.

"కొలతల్లో మీదీ మాదీ ఏంటయ్యా?" అని అడ్మిన్‌గారు ఉగ్రుడైపోయాడు. "అంగుళం ఎక్కడైనా అంగుళమే!"