చదివేవాళ్లు లేరు, చదివింపులు ఘనం

మొన్న భీమవరంలో మా పెదనాన్న మనవరాలి పెళ్లి. చదివింపుల బల్ల దగ్గర మా చిన్నాన్న కూర్చున్నాడు. ముందు పసుపు పెట్టిన లాంగ్‌బుక్కు, పక్కన స్టీలు డబ్బా. కవరు చింపడం, నోట్లు లెక్కపెట్టడం, పేరు రాయడం, మైకులో చదవడం. చేతులు ఈ పుస్తకం మీదున్నా చూపంతా ఒళ్లో ఉన్న పాత పుస్తకం మీదే. వాళ్లింటి పెళ్లికి మనమెంత చదివించామో అందులో ఉంటుంది. 1,116 ఇచ్చినచోట 516 వస్తే ఆయన గొంతు మైకులోనే ఓ మెట్టు దిగుతుంది.

పక్క కుర్చీలో మా పెద్దబావ. ఓ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరు. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి కూడా తలెత్తకుండా ఫోన్లో పరిశోధన పేపర్ల లెక్క చూపే గూగుల్ స్కాలర్‌ని కిందికి లాగి వదులుతున్నాడు.

"ఏంటి బావా అంత దిగులు?"

"నిన్న 412 సైటేషన్లోయ్. ఇవాళ 411. ఎవడో పేపరు వెనక్కి తీసుకున్నాడు."

చిన్నాన్న జాలిగా చూశాడు. చదివించిన కవరు మళ్లీ పట్టుకుపోయినవాణ్ణి ఆయన ఇన్నేళ్లలో చూడలేదు.

సైటేషనంటే ఇంతే మరి. నా పేపర్లో నీ పేరు వేస్తా, నీ పేపర్లో నాది వెయ్యి. చదివావా అని ఎవరూ అడగరు, చదివించావా అనేదే లెక్క. దాన్ని కొలవడానికి 2005లో హిర్ష్ అనే అమెరికా భౌతికశాస్త్రవేత్త హెచ్-ఇండెక్స్ కనిపెట్టాడు. పేపరంటే పెళ్లి, సైటేషనంటే కవరు అనుకోండి. 20 పెళ్లిళ్లు చేసి, ఒక్కోదానికి కనీసం 20 కవర్లు వస్తే మీ హెచ్-ఇండెక్స్ 20. ఒక్క పెళ్లే చేసి దానికి లక్ష కవర్లు వచ్చినా మీ హెచ్-ఇండెక్స్ ఒకటే. కాబట్టి బుద్ధిమంతుడెవరైనా ఏం చేస్తాడు? వరసగా పందిళ్లు వేస్తూ పోతాడు.

స్పెయిన్‌లోని కోర్దోబా యూనివర్సిటీ కెమిస్టు రఫాయెల్ లూకే అదే చేశాడు. 2023 మొదటి మూడు నెలల్లో సగటున 37 గంటలకో పేపరు. మన ఇళ్లలో ఆవకాయ తిరగకలిపేదే మూడోరోజు. మనం జాడీ మూత తీసేలోగా ఆయనది ఒకటి అచ్చయి, రెండోది దారిలో ఉంటుంది. తమ దగ్గర పూర్తికాలం ఉద్యోగం చేస్తూ రియాద్‌లో, మాస్కోలో వేరే యూనివర్సిటీలకూ పనిచేస్తున్నాడని కోర్దోబావాళ్లు ఆయన్ని 13 ఏళ్లపాటు జీతం లేకుండా పక్కనపెట్టారు. ఆగింది జీతం మాత్రమే.

ఒకే పెళ్లికొడుకుని ఇన్ని ఇళ్లవాళ్లు అల్లుడని ఎందుకు చెప్పుకుంటారంటారా? యూనివర్సిటీలకిచ్చే షాంఘై ర్యాంకుల్లో సైటేషన్లు దండిగా ఉన్నవాళ్లు ఎందరున్నారన్నదానికీ మార్కులుంటాయి. మన ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకుల్లోనూ పేపర్ల, సైటేషన్ల లెక్క ఉంది. శుభలేఖ మీద ఎవరి ఇంటిపేరుంటే ఆ ఇంటికే పరువు.

మనిషే అక్కర్లేదని కూడా తేలింది. 2024లో ఇద్దరు పరిశోధకులు లారీ అనే పిల్లి పేరుమీద అర్థంపర్థం లేని 12 పేపర్లు సృష్టించి నెట్‌లో పెట్టారు. వాటికి సైటేషన్లు 132, హెచ్-ఇండెక్స్ 11. పిల్లి సొంతదారు ఓ ముసలావిడ, ఆ ఇద్దరిలో ఒకాయనకి అవ్వ. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఈ పిల్లి కళ్లు మూసుకుని పడుకుంది, మిగతా పనంతా సైటేషన్లే చేసుకున్నాయి.

బావది ఎంతని అడిగాను. "తొమ్మిది" అన్నాడు, పిల్లి సంగతి నేను చెప్పకముందే.

"ఈ ఊళ్లోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారిదెంత?"

వెతికాడు. "ప్రొఫైల్ లేదోయ్. ఎవరిది వాళ్లే తెరుచుకోవాలి."

1948లో పోయిన మనిషి ఎలా తెరుస్తాడు? 1925లో ఆయన హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు. ద్రావణం నీలంగా మారుతుంది, నీలం ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత. లేబొరేటరీల్లో తెల్లకోట్లవాళ్లు దశాబ్దాలపాటు ఆ నీలాన్ని చూసే లెక్కలు కట్టారు, వేల పేపర్లు దాని పేరు చెప్పాయి. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. ఈ లెక్కన మా బావ నయం, పర్మనెంటు.

ఇంతలో బావ జేబులోంచి కవరు తీసి బల్లమీద పెట్టాడు. 516 రూపాయలు, పైన ఏడు పేర్లు.

"ఎవరయ్యా వీళ్లంతా?" అన్నాడు చిన్నాన్న.

"మా డిపార్ట్‌మెంటు. హెచ్ఓడీగారి పేరు ఆఖర్న చదవండి మావయ్యా. మాలో ఆఖరిదే పెద్దపీట."

చిన్నాన్న మైకుని అరచేత్తో మూసి, "ఏడుగురూ భోజనానికి వస్తున్నారా?" అన్నాడు.