నోటీసు ఇవ్వని గుండె

గుండెపోటు తెచ్చుకోదలచిన తెలుగు సోదరులకు అనుభవజ్ఞుడి మనవి. ఎడమచెయ్యి లాగుతోందని, చెమటలు పోస్తున్నాయని కంగారుపడకండి. ముందు బీరువాలోంచి బీమా పాలసీ తీసి, గది అద్దె పరిమితి ఎంతో చూసుకోండి. మా ఇంట్లోవాళ్లకు ఈ వివేకం లేదు. నన్ను ఉన్నపళంగా అంబులెన్సులో పడేశారు.

యాంజియోగ్రామ్ తీసి, మూడు నాళాలూ పూడుకుపోయాయి, స్టెంటుతో తేలదు, బైపాసే గతి అన్నారు. అదీ నా ఖర్మే. స్టెంటుకైతే 2017లో కేంద్రం కళ్లెం వేసింది. లక్షా ఇరవై వేలు పలికే మందుపూత స్టెంటు ముప్పై వేలకు దిగొచ్చింది. ఛాతీ కోసే రంపానికి కళ్లెం వేసే నాథుడు లేడు.

మా ఆవిడతో రెండు కాగితాల మీద సంతకాలు పెట్టించారు. ప్రాణానికి ముప్పు ఉండొచ్చని మొదటిది, ఎస్టిమేటు పెరగొచ్చని రెండోది. కౌన్సెలర్ అమ్మాయి రెండోదాన్నే రెండుసార్లు చదివి వినిపించిందట.

ఈలోగా బీమా వారి క్వెరీ దిగింది: ‘ఈ జబ్బు ఎప్పటి నుంచి ఉంది?’ పాలసీకి ముందే ఉంటే మూడేళ్ల దాకా ఆగమనొచ్చు. జబ్బు సంగతి తెలీదు గానీ బాబూ, గుండె మాత్రం పాలసీకి ముందు నుంచే ఉంది.

రొమ్ము ఎముక కోశారు. గుండెను ఆపి, దాని పని యంత్రానికి అప్పగించి, కాల్లోంచి తీసిన రక్తనాళాన్ని కుట్టారు. గుండె ఆగింది, మీటరు ఆగలేదు. మనదేశంలో తొలి బైపాస్ 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో జరిగింది. సర్కారీ మంచం మీద మొదలైన వైద్యం పాలరాతి లాబీలకు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు.

సర్జన్ చేతికి దండం పెడతాను. ఆ చేతికి తొడిగిన గ్లోవ్స్‌కు మాత్రం బీమా వర్తించదు. మాస్కుకూ, ఈసీజీ ఎలక్ట్రోడ్లకూ అంతే. ఉత్త చేతులతో కోయించుకుని, గుండె కొట్టుకుంటోందో లేదో చెవి ఆనించి వినమంటే సరిపోయేది కాబోలు.

ఇక గది మహిమ వినండి. థియేటర్ ఒకటే, బల్ల ఒకటే, రంపం ఒకటే. అయినా రోగి ఖరీదైన గదిలోంచి వస్తే ఆసుపత్రి సర్జన్ ఫీజు పెంచుతుంది. పరిమితి దాటిన గది అని బీమా కంపెనీ ఆ ఫీజులోనే కోత పెడుతుంది. దీని ముద్దుపేరు ప్రొపోర్షనేట్ డిడక్షన్. ఇటు పెంచేవాడికీ అటు కోసేవాడికీ మధ్య, అప్పటికే కోయించుకున్నవాడు పడుకుని ఉంటాడు.

పేదవాడికి 2007 నుంచీ ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారా? ఉంది. తెలంగాణలో పరిమితి పది లక్షలైంది, ఆంధ్రలో పాతిక లక్షల మాట కూడా విన్నాం. 2025లో మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిల కోసం సేవలు ఆపాయి. పరిమితి పెంచడానికి ప్రెస్ మీట్ చాలు, బకాయి తీర్చడానికి డబ్బు కావాలి.

డిశ్చార్జ్ రోజున పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ‘అప్రూవల్ రాలేదండీ’ అన్నారు. ఇంకో రోజు అద్దె పడింది. బీమా నియంత్రణ సంస్థ 2024లోనే తేల్చిచెప్పింది: ఆసుపత్రి అడిగిన మూడు గంటల్లో తుది అనుమతి రావాలి. ఆలస్యమైతే ఆ అదనపు ఖర్చు కంపెనీ తన వాటాదారుల నిధిలోంచి కట్టాలి. కౌంటరులో ఈ ముక్క చెప్పినవాళ్లు లేరు.

ధరల పట్టిక స్థానిక భాషలో అందరికీ కనబడేలా పెట్టాలని కేంద్రం నిబంధనలు 2012 నుంచీ చెబుతున్నాయి. లాబీలో నిలువెత్తు వినాయకుడికి చోటు దొరికింది, పట్టికకు గోడ దొరకలేదు. అయ్యా, నా ఛాతీ నిలువునా కోసి లోపలున్నదంతా చూశారు. ఇక మీ రేటు కార్డు తెరవండి, మేమూ చూస్తాం.