వాన్ గో నామసూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: విన్సెంట్ వాన్ గో పెయింటెడ్ సన్‌ఫ్లవర్స్ ఎట్ ఆర్ల్ ఇన్ 1888; వాన్ గో సైన్డ్ ఇట్ విన్సెంట్.

ప్రతిపదార్థం: విన్సెంట్ = ఆ పేరుగల; వాన్ గో = గోఖ్ వారి ఇంటివాడు; ఆర్ల్ ఎట్ = దక్షిణ ఫ్రాన్సునందలి ఆర్ల్ పట్టణమున; 1888 ఇన్ = 1888వ సంవత్సరమందు; సన్‌ఫ్లవర్స్ = పొద్దుతిరుగుడు పువ్వులను; పెయింటెడ్ = చిత్రించెను; వాన్ గో = ఆ ఇంటిపేరు గలవాడే; ఇట్ = దానిమీద; విన్సెంట్ = విన్సెంట్ అని మాత్రమే; సైన్డ్ = సంతకము చేసెను.

తాత్పర్యం: పూలు గీసినవాడు పూలకుండీ మీద తన పేరు రాశాడు, ఇంటిపేరు వదిలేశాడు.

వ్యాఖ్య: మూలంలో 'వాన్' రెండుసార్లు వచ్చింది. రెండూ ఒకటి కావు. మొదటిదానికి ఇంగ్లీషులో చిన్న 'వి', రెండోదానికి పెద్ద 'వి'. తెలుగు అక్షరాల్లో చిన్నాపెద్దా తారతమ్యం లేదు కనుక ఈ భేదం తెలుగు మూలంలో కంటికి ఆనదు. టీకాకారుడికి బతుకుతెరువు దొరికేది ఇలాంటి చోటే. డచ్చివారి నియమం ప్రకారం 'వాన్' ముందు వ్యక్తి పేరుగానీ పొడి అక్షరంగానీ ఉంటే అది చిన్నక్షరంతో అణగి ఉంటుంది. ముందు ఎవరూ లేకపోతే పెద్దక్షరంతో తల ఎత్తుతుంది. ఇంగ్లీషులో జాగ్రత్తగా రాసేవారు దీన్నే పాటిస్తారు. అన్నిచోట్లా చిన్నక్షరమే వేసేవారూ ఉన్నారు, అది పాఠాంతరం. ఎటు రాసినా 'వాన్'ను తెంచేసి ఉత్త 'గో' అనడం మాత్రం ఏ పాఠంలోనూ లేదు. అమెరికా 8వ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ పేరులో ఎక్కడైనా పెద్ద 'వి'నే రాస్తారు. ఆయన అమెరికావాడు, అక్కడ డచ్చి నియమం చెల్లదు.

శంక: 'వాన్' అంటే 'నుంచి' కదా. లియొనార్డో 'డా విన్చీ' కూడా 'విన్చీ నుంచి' అనే కదా. ఆయన్ని ఉత్త 'డా విన్చీ' అంటే తప్పు పట్టే పండితులు ఇక్కడ ఎందుకు ఊరుకుంటారు?

సమాధానం: 1452లో పుట్టిన లియొనార్డో నిజంగా విన్చీ ఊరివాడు. 'డా విన్చీ' ఆయన ఊరిని చెబుతుంది, అందుకే పండితులు ఆయన్ని లియొనార్డో అనే పిలుస్తారు. 1853లో పుట్టిన విన్సెంట్ జన్మస్థలం నెదర్లాండ్స్‌లోని జుండెర్ట్. ఆయన పేరులోని ఊరు ఎప్పుడో ఇంటిపేరుగా గడ్డకట్టింది. తాళ్ళపాకలో కాలు పెట్టనివారికీ తాళ్ళపాక ఇంటిపేరు ఉండవచ్చు, ఇదీ అలాంటిదే.

అకారాది క్రమం మరో చిక్కు. నెదర్లాండ్స్‌లో ఆయన 'జి' కింద దొరుకుతాడు: ముందు గో, తర్వాత విన్సెంట్, చిట్టచివర 'వాన్'. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కూడా ఈ క్రమాన్నే తీసుకుంది. పక్కనున్న బెల్జియంలో మాత్రం ఇలాంటి పేర్లను 'వి' కిందే వెతకాలి.

ఉచ్చారణ: ఈ భాగం గొంతుకు ప్రమాదకరం. అమెరికన్లు 'గో' అంటారు, బ్రిటిషువారు దగ్గుకు ఇంగ్లీషులో ఉన్న మాటతో ప్రాస కలిపి 'గాఫ్' అంటారు. డచ్చివారి నోట 'వాన్' దాదాపు 'ఫన్' అవుతుంది, 'గో' మొదటా చివరా గొంతును గీరుకుంటూ వస్తుంది. హైదరాబాదులో 'ఖుబానీ కా మీఠా' అని ఉర్దూ తెలిసినవారు అనేటప్పుడు మొదట వినిపించే ధ్వని దీనికి దగ్గరి చుట్టం. ఇంగ్లీషు మాట్లాడుతూ ఉన్నట్టుండి ఒక్క మాటకు గొంతు గీరుకోవడం పాండిత్యమే. పక్కవారు మంచినీళ్ళు అందించే అవకాశమూ ఉంది. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు 'గో', 'గాఫ్' రెండూ సాధువులే. తెలుగులో కొందరు రాసే 'గోహ్' ఎవరి నోటా లేనిది, స్పెల్లింగు చూసి పుట్టింది.

లక్షణావృత్తి: ఇంగ్లీషులో 'ఎ వాన్ గో' అంటే మనిషి కాదు, ఆయన గీసిన ఒక బొమ్మ. 'గంగలో పల్లె' అన్నప్పుడు గంగ ఒడ్డును అర్థం చేసుకున్నట్టే, వేలంపాటలో వాన్ గోను కొన్నారంటే కంగారు పడనక్కరలేదు. ఈ ప్రయోగంలో పెద్ద 'వి' రాయడమే మేలు.

విశేషం: సంతకంలో ఇంటిపేరు ఎందుకు లేదన్నదానికి జవాబు విన్సెంటే ఇచ్చాడు. 1888 మార్చిలో ఆర్ల్ నుంచి తమ్ముడు థియోకు రాసిన ఉత్తరంలో, ప్రదర్శన కేటలాగులో తన పేరు బొమ్మ మీద ఉన్నట్టే విన్సెంట్ అని వేయించమన్నాడు. వాన్ గో అనడం ఇక్కడివారికి నోరు తిరగదని కారణం చెప్పాడు. అయితే ఆ ఇంట్లో విన్సెంట్ అంటే ఒక్కడే కాదు. తాత విన్సెంట్, చిత్రాల వ్యాపారి అయిన ఒక పెదనాన్నా విన్సెంటే. మన చిత్రకారుడికి సరిగ్గా ఏడాది ముందు, అదే తేదీన మృతశిశువుగా పుట్టిన అన్నకూ ఆ పేరే. 1890 జనవరిలో థియోకు కొడుకు పుడితే మళ్ళీ విన్సెంట్ అనే పెట్టారు. పెదనాన్న చిత్రాలను కాపాడి మ్యూజియం దాకా చేర్చినవాడు ఆ పిల్లవాడే. 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో తెరిచిన ఆ మ్యూజియం పేరు వాన్ గో మ్యూజియం, పెద్ద 'వి'తో.