సర్కారువారి మూడో తరగతి పరీక్ష

ఒంటారియోలో మూడో తరగతి, ఆరో తరగతి పిల్లలకి ఏటా ఈక్యూఏఓ పరీక్షలు పెడతారు. చదవడం, రాయడం, లెక్కలు. సైన్స్ ఉండదు. ఆ లోటు తీర్చడానికా అన్నట్టు, 2024 జూన్ 21న ప్రభుత్వమే మూడో తరగతి సైన్స్ పరీక్షకి కూర్చుంది. పాఠం: ‘దృఢమైన, స్థిరమైన నిర్మాణాలు’. తాము 2022లో అచ్చేయించిన సిలబస్‌లోదే. పరీక్షా కేంద్రం: ఆ రోజే ప్రభుత్వం మూసేసిన, టొరంటోలోని ఒంటారియో సైన్స్ సెంటర్.

జవాబు పత్రం దిద్దాను.

ఒకటో ప్రశ్న: పైకప్పులో కొన్ని పలకలు బలహీనపడ్డాయి. ఏం చేయాలి? ఇంజనీర్లు తమ నివేదికలో మరమ్మతుకు దారులు చెప్పి, ప్రమాదకరమైన పలకల సంగతి అక్టోబరు 31 లోపు తేల్చమన్నారు. అభ్యర్థి జవాబు: ‘భవనం మొత్తం మూసి, చుట్టూ కంచె వేయాలి.’ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టమని సిలబస్‌లో ఎక్కడా లేదు. సున్నా.

రెండో ప్రశ్న: పలకల మీద బరువు మోపే మంచు ఎప్పుడు పడుతుంది? ‘చలికాలంలో. అందుకే జూన్‌లో మూసేశాం.’ మొదటి ముక్కకి అర మార్కు.

మూడో ప్రశ్న: ప్రయోగం చేసి ఫలితం రాయండి. సెంటర్‌ని నగరంలో మరోచోట ఉన్న ఒంటారియో ప్లేస్‌కి తరలిస్తామన్న ఫలితం 2023 ఏప్రిల్‌లోనే రాసేశారు. పలకల మీద ఈ నివేదిక ఆ తర్వాత వచ్చింది. సున్నా.

నాలుగో ప్రశ్న: ఈ భవనాన్ని రూపొందించిన రేమండ్ మొరియామా నెలకొల్పిన సంస్థ, మరమ్మతుకి తన సేవలు ఉచితంగా ఇస్తానంది. మీ సమాధానం? ఖాళీ వదిలేశారు.

ఇక వెక్కిరింత చాలు. ఫ్లెమింగ్‌డన్ పార్క్, థార్న్‌క్లిఫ్ పార్క్ అపార్ట్‌మెంట్లలో ఉండే వలస కుటుంబాల పిల్లలకి ఆ సెంటర్ పక్కనే. 1969 నుంచి బస్సుల కొద్దీ బడిపిల్లలు అక్కడికొచ్చి తిప్పి, నొక్కి, విరగ్గొట్టి సైన్స్ నేర్చుకున్నారు. చిన్న తరగతుల్లో సైన్స్ ఎలా చెబుతున్నారో కొలిచే ఈక్యూఏఓ పరీక్ష లేదు. కొలవరు. కొలవకపోతే పోయారు, పిల్లలు చేత్తో ముట్టుకుని నేర్చుకునే చోటికి తాళం వేసే హక్కు వీళ్లకెవరిచ్చారు? 2028లో ఇంతకంటే చిన్నది తెరుస్తామని అప్పట్లో చెప్పారు. మూసేసిన ఏడు మూడో తరగతి చదివిన పిల్ల 2028కి ఏడో తరగతిలో ఉంటుంది. ఆమె బాల్యానికి సప్లిమెంటరీ పరీక్ష లేదు.

ఈక్యూఏఓ మార్కుల కోసం ట్యూషన్లు వెతికే తెలుగు తల్లిదండ్రులారా, మీ ఎంపీపీకి, అంటే ఒంటారియో శాసనసభలో మీ ప్రతినిధికి, ఒక్క ఫోన్ చేయండి. కప్పు బాగుచేయించి తలుపులు తీయమనండి.